సొంత మ్యాచ్‌లు అమ్ముకుంటూ ఓపిక పట్టమంటే ఎలా? నార్త్ మెల్‌బోర్న్ క్లబ్ బోర్డుకు బహిరంగ లేఖ

నార్త్ మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షులకు, బోర్డు సభ్యులకు,

నమస్కారం.

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (AFL) 2025 సీజన్ సగం దాటింది. మెల్‌బోర్న్ క్లబ్ మీద 59 పాయింట్ల గెలుపు, రిచ్‌మండ్ మీద 4 పాయింట్ల గెలుపు, పశ్చిమ ఆస్ట్రేలియాలోని బన్‌బరీలో వెస్ట్ కోస్ట్ మీద మరో గెలుపు. టాస్మేనియాలోని హోబర్ట్‌లో డిఫెండింగ్ ఛాంపియన్ బ్రిస్బేన్‌తో డ్రా. ఇప్పటికి మన ఖాతాలో ఉన్నది ఇంతే. పోయినేడు ఈపాటికి ఒక్కటే గెలిచాం కదా, ఇప్పుడు నయమే కదా అని మీరు అనొచ్చు. నయమే, కాదనను. కానీ అయ్యా, 2020 నుంచి 2024 దాకా మన గెలుపులు వరసగా 3, 4, 2, 3, 3. ఐదేళ్ళకు కలిపి 15. 2023లో అయితే ఏకంగా 20 మ్యాచ్‌లు వరసపెట్టి ఓడాం. చివరిసారి ఫైనల్స్ (సీజన్ చివర పై స్థానాల జట్లు ఆడే మ్యాచ్‌లు) ఆడింది 2016లో. ఇన్నేళ్ళూ మేం ఓపిక పట్టాం. మెంబర్‌షిప్ మానలేదు, జట్టు మారలేదు.

ఆటగాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. షీజెల్ మొదటి ఏడాదే, లీగ్‌లో ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు తెచ్చుకున్నాడు. డేవిస్-యూనియాక్, వార్డ్‌లా, రక్‌లో (బంతి పైకెగిరినప్పుడు దూకి అందుకునే చోట) జెర్రీ, ముందు లార్కీ... ఈ ఆటగాళ్ళను చూసి కుళ్ళుకునే క్లబ్బులు ఉన్నాయి. అనుభవం కావాలని పార్కర్‌ను, డేనియల్‌ను, డార్లింగ్‌ను తెచ్చారు, అదీ మంచి పనే. మరి బంతి మన చేతుల్లోంచి పోయాక ఏమవుతోంది? ఒక్కసారి అవతలివాళ్ళు బంతి లాక్కున్నారంటే మన గోల్ దాకా అడ్డుపడేవాడే ఉండడు. అందరూ ముందుకు ఉరుకుతారు, వెనక్కి పరిగెత్తేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. గుడ్ ఫ్రైడే రోజు కార్ల్‌టన్ చేతిలో 82 పాయింట్ల తేడాతో ఓడాం. ఏడాదిలో అందరి కళ్ళూ మన మీద ఉండే రోజది, పిల్లల ఆసుపత్రికి విరాళాలు పోగుచేసే రోజు. ఆ రోజే అలా ఆడితే ఏం చెప్పుకోవాలి? ఎసెండన్ చేతిలో 3 పాయింట్లతో ఓడితే సరే, ఆటన్నాక అలాంటివి ఉంటాయని సర్దుకోవచ్చు. 82ని ఎలా సర్దుకోవాలి?

దగ్గరకొచ్చి చేజారడం కూడా మాకు కొత్త కాదు. 2024 జూన్ 16న కాలింగ్‌వుడ్ మీద 54 పాయింట్ల ఆధిక్యంలో ఉండి ఒక్క పాయింటుతో ఓడాం. ఆ రోజు మార్వెల్ స్టేడియంలో సైరన్ మోగాక నా పక్క సీట్లోని పెద్దాయన లేవలేదు. మెడలో స్కార్ఫు తీసి నాలుగు మడతలు వేసి ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ అయిపోతున్న గ్రౌండ్‌నే చూస్తూ కూర్చున్నాడు. ఆ ఓటమి నుంచి ఏం నేర్చుకున్నారని అడిగే హక్కు ఆయనకు ఉందా లేదా మీరే చెప్పండి.

ఇక డ్రాఫ్ట్ సంగతి, అంటే క్లబ్బులు కొత్త కుర్రాళ్ళను వరసగా ఎంచుకునే పద్ధతి; లీగ్‌లో కిందున్న జట్టుకు ముందు పిక్ (ఎంచుకునే అవకాశం) వస్తుంది. 2021లో నంబర్ వన్ పిక్‌తో తీసుకున్న హార్న్-ఫ్రాన్సిస్ ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయాడు. ఆ దెబ్బ మానకముందే, పోయిన డ్రాఫ్ట్‌లో 27వ పిక్ కోసం మన 2025 మొదటి రౌండ్ పిక్‌ను రిచ్‌మండ్‌కు ఇచ్చేశారు. అంటే ఈ ఏడాది మనం ఎంత ఓడితే రిచ్‌మండ్‌కు అంత లాభం. వచ్చిన కుర్రాడు మంచివాడే కావచ్చు, అతని మీద ఒక్క మాట అనను. కానీ లాడర్‌లో (పాయింట్ల పట్టికలో) పైకి వెళ్తామన్న ఏ ధైర్యంతో ఆ బేరం చేశారో మెంబర్లకు చెప్పాలి. ఓటమి బాధ ఒకటి, ఆ ఓటమి ఫలం పక్కవాడికి పోతుందన్న బాధ ఇంకొకటి.

అన్నిటికన్నా నన్ను కోసేది హోమ్ మ్యాచ్‌ల అమ్మకం, అంటే సొంత ఊళ్ళో ఆడాల్సిన మ్యాచ్‌లను డబ్బు కోసం వేరే ఊళ్ళకు ఇచ్చేయడం. హోబర్ట్‌కు 2012 నుంచి వెళ్తూనే ఉన్నాం, అలవాటు పడ్డాం. ఈ ఏడాది దానికి తోడు పశ్చిమ ఆస్ట్రేలియా. బన్‌బరీలో వెస్ట్ కోస్ట్‌తో "మన" హోమ్ మ్యాచ్. పెర్త్ ఆప్టస్ స్టేడియంలో ఫ్రీమాంటిల్‌తో "మన" హోమ్ మ్యాచ్. అవతలి జట్టు ఊళ్ళో, అవతలి జట్టు జనం ముందు ఆడేది మన హోమ్ మ్యాచ్ ఎలా అవుతుంది? ఇక్కడి నుంచి పెర్త్‌కు విమానంలో నాలుగు గంటలు. భార్యాపిల్లలతో వెళ్ళి రావాలంటే మాలాంటి జీతగాళ్ళకు రెండు నెలల సరుకుల డబ్బు. నేనుండేది మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో. రైలెక్కితే సదరన్ క్రాస్, అక్కడి నుంచి వంతెన దాటితే మార్వెల్ స్టేడియం. మా వీధిలో తెలుగువాళ్ళ పిల్లలు కొందరు క్రికెట్ బ్యాటు పక్కనపెట్టి ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) బంతి పట్టుకున్నారు. వాళ్ళను స్టేడియానికి తీసుకెళ్దామంటే, వాళ్ళకు వీలైన వారాంతం మన జట్టు ఊళ్ళోనే ఉండదు. వలస వచ్చిన కుటుంబాల పిల్లల కోసం, క్లబ్ కేంద్రమైన ఆర్డెన్ స్ట్రీట్‌లో హడిల్ అనే కార్యక్రమం నడుపుతున్న క్లబ్ మీది. ఆ పిల్లలు ఆట చూడ్డానికి రావాలంటే ఆట ఇక్కడ ఉండాలి కదండీ.

డబ్బు కావాలి, తెలుసు. కానీ 2007లో గోల్డ్‌కోస్ట్‌కు తరలిపొమ్మని లీగ్ పెద్ద మొత్తం చూపించినా, పోయేది లేదని నిలబడ్డ క్లబ్ ఇది. అప్పుడు నిలబెట్టింది మెంబర్లే. ఇప్పుడు వాళ్ళ మ్యాచ్‌లనే అమ్ముతున్నారు.

కోచ్‌ను పంపించేయండి అని నేను అడగడం లేదు. మన కోచ్ క్లార్క్‌సన్ ఇంతకుముందు హాథార్న్ క్లబ్‌కు నాలుగు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్ళు) తెచ్చినవాడు. సీజన్ మధ్యలో కోచ్‌లు పోవడం 2019లో చూశాం, 2022లోనూ చూశాం, ఏం ఒరిగింది? ఇదే ఆర్డెన్ స్ట్రీట్‌లో మన మహిళల జట్టు 2024లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ప్రీమియర్‌షిప్ గెలిచింది. వాళ్ళ డిఫెన్స్ చూస్తే ప్రత్యర్థికి ఊపిరాడదు. వాళ్ళకు చేతనైంది వీళ్ళకు ఎందుకు చేతకావడం లేదో, ఆ కోచింగ్ బృందాన్ని పిలిచి కూర్చోబెట్టి అడగండి.

దయచేసి ఈ సగం సీజన్ సమీక్షను మీ గదిలోనే దాచుకోకండి, మెంబర్ల ముందు పెట్టండి. డిఫెన్స్‌కు ఏం చేస్తున్నారో చెప్పండి. పిక్ ఎందుకిచ్చారో చెప్పండి. పశ్చిమ ఆస్ట్రేలియా ఒప్పందం గడువు తీరాక పొడిగించబోమని మాట ఇవ్వండి. మళ్ళీ అడుగుతున్నా, మా హోమ్ మ్యాచ్‌లు మాకు ఇవ్వండి. వచ్చే ఏడాది మెంబర్‌షిప్ రెన్యువల్ మెయిల్ పంపే లోపు ఈ జవాబులు రావాలి.

ఇట్లు,
టార్నీట్ నుంచి ఒక నార్త్ మెంబర్