ప్రెస్సు బిల్డింగు పడగొట్టడం లేదు, బాగు చేయిస్తున్నాం

అమలాపురంలో మా ప్రెస్సు ముందు ఇసుక కుప్పలు చూసి "కొత్త బిల్డింగు లేపుతున్నారా అండీ?" అని చాలామంది అడుగుతున్నారు. లేదండి, పాతదానికే మరమ్మతు. మీ పనులు కొంత ఆలస్యమవుతాయి కాబట్టి ఎందుకో కూడా చెప్పాలి.

యాభయ్యో దశకం చివర్లో ఆఫీసు కోసం కట్టిన రెండంతస్తుల భవనం ఇది. గోడలు ఇటుక, డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం). పైన మాత్రం ఆర్‌సీసీ స్లాబు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం, ఐఎస్ 456, వచ్చిందే 1953లో, అంటే మన ఊళ్ల మేస్త్రిలకు ఆ పని అప్పటికి కొత్తే. ముఖం పడమటికి. అందుకని ముందు లోతైన వసారా, దానికి సిమెంటు జాలీ, కిటికీల మీద గోడ పొడవునా సన్‌షేడ్. మధ్యాహ్నపు ఎండ జాలీ దగ్గరే ఆగుతుంది, గాలి లోపలికొస్తుంది. వేడెక్కిన గాలి పైనున్న వెంటిలేటర్లలోంచి పోతుంది. అప్పట్లో గుమాస్తాల కోసం ఆలోచించి చేసిన పని ఇవాళ మా కాగితాన్ని కాపాడుతోంది. కాగితం తేమ పీలిస్తే సాగుతుంది, అప్పుడు రంగు మీద రంగు సరిగ్గా కూర్చోదు. శుభలేఖ మీద వినాయకుడికి రెండు అంచులు కనబడేది అందుకే. వానాకాలపు తేమను ఏ గోడా పూర్తిగా ఆపలేదు గానీ, ఈ మందపాటి సున్నపు గోడల మధ్య వేడి, చలువ గంటగంటకూ మారవు. ఆ తేడా నాకు అచ్చులో కనిపిస్తుంది.

1996 నవంబరు తుపానుకు కిటికీ రెక్కలు ఎగిరిపోయాయి, గోడ కదల్లేదు. చెడింది వసారా స్లాబు, సన్‌షేడ్లు. సిమెంటులోని క్షారగుణం ఇనుప చువ్వను తుప్పు పట్టనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి ఇంకి ఆ గుణాన్ని చంపేస్తుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపల్నించే పగలగొడుతుంది. పెచ్చులూడిన చోట పైపైన ప్లాస్టరింగు చేస్తే లోపలి తుప్పు ఆగదు. చెక్కి, చువ్వలు శుభ్రం చేసి, పూత వేసి మళ్లీ నింపాలి.

గోడలకు సిమెంటు వద్దన్నాను. మన డెల్టాలో నేలలోని చెమ్మ గోడెక్కుతుంది. సున్నం దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. చివరికి ఉప్పు తేలి ఇటుక పొడిపొడి అవుతుంది. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడానికే ఇన్నాళ్లు పట్టింది.

ముందువైపు అద్దాలు పెట్టించమని సలహా ఇచ్చారు కొందరు. పడమటి ఎండకు అద్దం పెడితే రోజంతా ఏసీ నడపాలి, ఆ కరెంటు ఖర్చు మీ బిల్లులోకే వస్తుంది.

పనులు జరుగుతున్నన్నాళ్లూ దుమ్ము వల్ల రంగుల మెషీను సాయంత్రాలే నడుస్తుంది. బిల్లు బుక్కులు, కరపత్రాలకు ఇబ్బంది లేదు. శుభలేఖలు మాత్రం ముహూర్తం పెట్టుకున్న వెంటనే ఇచ్చేయండి. దారి పక్క సందులోంచి. ఈ మరమ్మతు పేరు చెప్పి రేట్లు పెంచను. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి, ఆగలేమనుకున్నవాళ్లు అడగండి, మొత్తం తిరిగి ఇచ్చేస్తాను.