ప్రిన్సిపాల్ గారికి బహిరంగ లేఖ: పిల్లల క్లబ్బులు మళ్ళీ మొదలుపెట్టండి

ప్రిన్సిపాల్ గారికి నమస్కారం. మేం పేరెంట్స్ రాసిన లెటర్లకి ఆఫీసు నుంచి జవాబే రాలేదండి, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నా. రిజల్ట్స్ పేరు చెప్పి డ్రామా, డిబేట్, సాయంత్రం ఆటలు అన్నీ ఆపేసి ఆ టైంలో స్టడీ అవర్ పెట్టారు, మ్యూజిక్ రూంకి తాళం, కిటికీలోంచి చూస్తే కీబోర్డు మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. క్లాసులో నోరు విప్పని మా అమ్మాయి స్టేజి ఎక్కితే గలగలా మాట్లాడేది, ఇప్పుడు స్కూల్ అంటేనే ముఖం ముడుచుకుంటోంది, కొత్తగా చేరిన పిల్లలకైతే ఫ్రెండ్స్ దొరికేదే ఆ క్లబ్బుల్లో కదండీ. ఆటలు, కళలు పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ ఆర్టికల్‌లోనే ఉంది.

మార్కులు వద్దని మేం అనట్లేదు. వారంలో కనీసం రెండు సాయంత్రాలు క్లబ్బులకి వదిలేయండి, స్టూడెంట్ కౌన్సిల్‌ని కూర్చోబెట్టుకుని టైంటేబుల్ వేయించండి, ఈ నెలాఖరులోగా దాన్ని నోటీస్ బోర్డులో పెట్టించండి.

ఇట్లు,
తొమ్మిదో క్లాసు అమ్మాయి తల్లి