లారీ ఎక్కుతానంటున్న బావకి

ఒరేయ్ బావా,

చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? కందుకూరులో బట్టల కొట్టు పని మానేసి లారీ ఎక్కుతానని రాశావు. ఆ మాట చెల్లెమ్మ చెవిన వేశావో లేదో మాత్రం రాయలేదు. ముందు ఆ పని చెయ్. ఈ లైన్‌లో పండక్కి ఇంట్లో ఉంటానని మాటివ్వడానికి లేదు.

డ్రైవింగ్ స్కూలుకి పోకుండా నేర్చుకోవచ్చా అని అడిగావు. మన వైపు పాత డ్రైవర్లు చాలామంది క్లీనర్‌గా ఎక్కి నేర్చుకున్నవాళ్లే, నేనూ అంతే. కాగితం దగ్గరకొచ్చేసరికి మాత్రం వేరే సంగతి. హెవీ లైసెన్స్‌కి స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ ఉండాలని చట్టమే చెబుతోంది. అది లేకుండా చేయిస్తానని ఎవడైనా వస్తే వాడి జోలికి పోకు. స్కూల్లో చేరి, ఆ సర్టిఫికెట్ తీసుకో. ఖాళీ బండి మీద గేర్లు, రివర్సు, సిగ్నళ్లు బాగానే నేర్పుతారు. లోడు బండి తోలడం మాత్రం అక్కడ రాదు.

మిగతావి నీకు అడ్డం కాదులే. ఇరవై ఏళ్లు నిండాలి, కారు లైసెన్స్ వచ్చి ఏడాది కావాలి, నీకు రెండూ ఎప్పుడో అయిపోయాయి. ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధన 2019లో ఎత్తేశారు, కాబట్టి మన లెక్కల మాస్టారి శాపం ఇక్కడ పనిచేయదు. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, వచ్చిన 30 రోజులకి టెస్టుకి పోవచ్చు. ఈలోపు స్టీరింగ్ పట్టుకుంటే పక్కన హెవీ లైసెన్స్ ఉన్నవాడు, బండికి ఎల్ బోర్డు ఉండాల్సిందే. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేకుండా ‘రోడ్డు ఖాళీగా ఉంది, కాసేపు పట్టు’ అని ఎవరైనా అంటే పట్టుకోకు. దొరికితే నీకు 5,000, బండి ఇచ్చినవాడికి 5,000 జరిమానా. ఎవరికైనా తగిలిందంటే కోర్టుల చుట్టూ తిరగడమే.

నా మాట వింటే హెవీకి అంత తొందర వద్దు. బండి బరువు, సరుకు బరువు కలిపి 7,500 కిలోలు మించకపోతే మామూలు కారు లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే టాటా ఏస్, బొలెరో పికప్ నువ్వు రేపే తోలొచ్చు. రొయ్యల బండి మాత్రం ఇప్పుడే వద్దు. గుంట దగ్గర పట్టిన సరుకు ఐసు కరగకముందే ప్లాంటుకి చేరాలి, దారి పొడుగునా ఫోన్ల మీద ఫోన్లు. కొత్తలో ఆ టెన్షన్ మంచిది కాదు. గూడూరు నిమ్మకాయలు నయం.

చెయ్యి కుదిరాక పెద్ద బండికి క్లీనర్‌గా ఎక్కు. ఈ వయసులో క్లీనరేంటని నీకు నామోషీగా ఉంటుంది, నాకు తెలుసు. పైగా ఖర్చు దండగని ఓనర్లు క్లీనర్లని పెట్టుకోవడం తగ్గించారు, కాస్త బతిమాలుకోవాలి. ఎక్కేముందు బండిని కాదు, డ్రైవర్‌ని చూసుకో.

నాకు పని నేర్పినాయన చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి గెలాక్సీ రాయి, అదే నల్ల గ్రానైట్, తోలేవాడు. ఆ దిమ్మె ఘనమీటరు ఉన్నా రెండున్నర టన్నుల పైమాటే. కింద చెక్క మొద్దులు పెట్టించి, గొలుసులు బిగించి, క్వారీ రోడ్డు దాటి తారు రోడ్డు ఎక్కగానే బండి పక్కకి ఆపేవాడు. పైకెక్కి గొలుసు చేత్తో ఊపి చూస్తే ఒక్కోసారి వదులై ఉండేది, గుంతల్లో రాయి వెంట్రుకవాసి సర్దుకున్నా చాలు. మళ్లీ బిగించాకే ఒంగోలు వైపు కదిలేవాళ్లం. వెనక ఎంతమంది హారన్ కొట్టినా సరే.

పొద్దున స్టార్ట్ చేశాక గాలి గేజీలో ముల్లు పైకి ఎక్కేదాకా గేరు వేసేవాడు కాదు. ఎయిర్ బ్రేక్ బండికి ఆ గాలే ఆధారం. ఈలోపు నేను రాడ్డు పట్టుకుని టైర్లన్నీ కొట్టుకుంటూ ఒక చుట్టు తిరగాలి. జంట టైర్లలో లోపలిది దిగిపోతే కంటికి తెలియదు, చప్పుడులో తెలుస్తుంది. గాలి ఉన్నది టంగుమంటుంది, దిగింది డబ్బుమంటుంది.

డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ కొట్టేవాళ్లున్నారు. అలాంటివాడు ఎంత సీనియర్ అయినా ఆ బండి ఎక్కకు. గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు ఇంజిన్ పట్టు లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ములు కాలి వాసనొస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టవు. ఏ గేరులో ఎక్కే మెట్టయితే ఆ గేరులోనే దిగాలి.

క్లీనర్ సీటుని తక్కువ చూడకు. ఎడమ పక్క కింద డ్రైవర్‌కి కనపడదు, మలుపులో వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, సరిగ్గా ఆ సందులోకే మోటారు సైకిళ్లు దూరతాయి. చూసి అరవాల్సింది నువ్వే. పెద్ద బండి ఎంత చోటు తింటుందో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

బత్తా (దారి ఖర్చులకిచ్చే డబ్బు), డీజిల్ లెక్క ముందే రాయించుకో. ఒక ఓనర్ దగ్గర లోడు కోసం పడిగాపులు కాసిన రోజులకి నాకు పైసా రాలేదు. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు కూడా చూసుకో, 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పునే చెల్లుతుంది. దారిలో బండి చెడిపోతే గడువు పెంచమని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెంటనే ఫోన్ కొట్టాలి.

గూడూరులో నాకు తెలిసినాయన ఒకరు నిమ్మకాయల పికప్‌కి డ్రైవర్ కోసం చూస్తున్నాడు. నీ కారు లైసెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసి నాకు ఫోన్ చెయ్, ఆయనతో మాట్లాడతా. చెల్లెమ్మ ఒప్పుకుంటేనే సుమా.

నీ బావ