కుట్లు ఆరేదాకా నీ బట్టల సంగతి

ప్రియమైన నేస్తమా,

ఆపరేషన్ క్షేమంగా జరిగిందని, ఇంకో రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారని నువ్వు పంపిన కబురు చదివాక మనసు తేలికపడింది. చివర్లో మొహమాటపడుతూ, "ఇంటికి వచ్చాక ఏం కట్టుకోవాలో, ఏం తొడుక్కోవాలో నాకు అర్థం కావడం లేదు" అని రాశావు చూడు, అందులో మొహమాటపడవలసినదేమీ లేదు. పొట్ట మీద కోత పడిన మనిషికి మందుల కన్నా ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్న అదే. మందుల చీటీ వివరంగా రాసిచ్చే వాళ్ళు కూడా బట్టల దగ్గరికి వచ్చేసరికి "వదులుగా ఉండేవి వేసుకోండి" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. వదులు ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ఆ బట్ట నడుము దగ్గర ఎక్కడ ఆనుతుంది, దాన్ని వేసుకోవడానికీ విప్పడానికీ ఒళ్ళు ఎంత వంచవలసి వస్తుంది అనే రెండు సంగతులు చూసుకున్నావంటే తక్కినవన్నీ నువ్వే తేల్చుకోగలవు.

ముందు కోత ఎక్కడుందన్నది చూడాలి. ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న గాట్ల గుండా సన్నని కెమెరా దూర్చి చేసే ఆపరేషన్, అయిన వాళ్ళకు పొట్ట మీద అక్కడక్కడా అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు పైచిలుకు పొడవున్న చిన్న గాట్లే ఉంటాయి కానీ, వాటిలో ఒకటి దాదాపు ఎప్పుడూ బొడ్డు దగ్గరే ఉంటుంది. మన బట్టల నడుము పట్టీలన్నీ ఆ చుట్టుపక్కలే కూర్చుంటాయి కనుక, చిన్న గాటే కదా అని వాళ్ళు మామూలు ప్యాంటు వేసుకోబోతే కూర్చున్న ప్రతిసారీ అది గుచ్చుకుంటుంది. పైగా ఆపరేషన్ సమయంలో పొట్టను ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. అందువల్ల కొన్ని రోజుల పాటు పొట్ట ఉబ్బరంగా ఉంటుంది, భుజాలు కూడా లాగుతాయి. పొత్తికడుపు కింద అడ్డంగా కోసిన వాళ్ళు నడుము పట్టీ బొడ్డుకు బాగా పైన ఆనేలా చూసుకుంటే హాయిగా ఉంటుంది. పక్కటెముకల కింద కోసిన వాళ్ళకు పట్టీ కిందికి ఉండటమే మేలు. నీది నిలువు కోత అన్నావు. బొడ్డు పై నుంచి కింది దాకా వెళ్ళిన ఆ గీతను, ఏ పట్టీ వేసినా, ఎక్కడ వేసినా, ఎక్కడో ఒకచోట దాటక తప్పదు. కాబట్టి నీ విషయంలో నేను చెప్పే మొదటి మాట ఏమిటంటే, కొన్ని వారాలు నీ బట్టల బరువంతా నడుము మీద కాకుండా భుజాల మీద ఉండాలి.

అంటే నైటీ, పొడవాటి గౌను, మోకాళ్ళు దాటే వదులు కుర్తా వంటివి. లోపల లోదుస్తులు వేసుకోక తప్పదు కదా, అవి నీ మామూలు కొలత కన్నా ఒకటి రెండు సైజులు పెద్దవిగా, బొడ్డు పైదాకా వచ్చే నూలువి తెప్పించుకో. వాటికి ఎలాస్టిక్ సన్నని తాడులా కాకుండా వెడల్పు పట్టీలా మెత్తగా ఉండాలి. ఒత్తిడి ఒకే గీత మీద పడితే గాయం దాన్ని కత్తి అంచులా గుర్తిస్తుంది. అదే ఒత్తిడి వెడల్పుగా పరుచుకుంటే చాలామటుకు తెలియనే తెలియదు. చీర కట్టుకోవాలని నీకు ఎంత ఉన్నా కొన్నాళ్ళు వాయిదా వెయ్యమని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. అది చీర తప్పు కాదు, లోలంగా బొందు తప్పు. కుచ్చిళ్ళతో సహా చీర బరువు మొత్తాన్ని ఆ సన్నని బొందు ఒక్కటే మోయాలి కనుక దాన్ని బిగించక తప్పదు, బిగించింది సరిగ్గా కుట్ల మీదే పడుతుంది. నడుము గట్టిగా బిగిస్తే పొట్ట లోపలి ఒత్తిడి పెరిగి, తిన్నది గొంతులోకి ఎగదన్నుకొచ్చి గుండెల్లో మంట కూడా పుడుతుంది.

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి చెప్పాలి, ఎందుకంటే ముందుగా తెలియకపోతే నువ్వు కంగారుపడతావు. కోత పడినప్పుడు చర్మంలోని సన్నని నరాలు కూడా తెగుతాయి. అందుకని గాయం చుట్టూ కొంత మేర మొద్దుబారిపోతుంది, దాని అంచున మాత్రం విపరీతమైన సున్నితత్వం పుడుతుంది. ఆ చోట అరచేయి నిండుగా ఆనించితే హాయిగానే ఉంటుంది కానీ, గాలికి రెపరెపలాడే పల్చటి బట్ట అంచు తాకిందంటే ఒళ్ళు జలదరిస్తుంది. "ఇంత వదులు గౌను వేసుకున్నా ఎందుకు భరించలేకపోతున్నాను" అని చాలామంది ఆశ్చర్యపోయేది అందుకే. దానికి మందు ఇంకా వదులు బట్ట కాదు. ఒంటికి అంటి, బిగించకుండా ఉండే మెత్తని నూలు బనియనో, స్లిప్పో లోపల వేసుకుని, దాని మీద గౌను వేసుకోవడమే. రాపిడి ఆ రెండు బట్టల మధ్యే జరుగుతుంది, నీ చర్మం దాకా రాదు. ఆ బనియన్ పక్కల కుట్టు అతుకు గరుకుగా ఉంటే తిరగేసి తొడుక్కో, లోపల వేసుకునేదే కనుక ఎవరూ ఏమీ అనుకోరు. మెడ దగ్గర, నడుము దగ్గర కుట్టిన కంపెనీ గుడ్డముక్కను ముందే కత్తిరించెయ్యి. మొద్దుబారిన చోట మాత్రం నువ్వు నొప్పిని నమ్ముకోకూడదు. అక్కడ ఏదైనా ఒరుసుకుంటున్నా నీకు తెలియదు కనుక, పూటకోసారి కళ్ళతో చూసుకోవాలి.

చూసుకోవడమంటే గుర్తొచ్చింది, ఆ లోపలి బనియన్ తెల్లదో, లేత రంగుదో అయి ఉండాలి. పైన ఎంత ముదురు రంగు గౌను వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, మరకలు దాచడానికి అదే మంచిది. లోపలిది తెల్లగా ఉంటే గాయం నుంచి ఏమైనా ఊరుతున్నదా, ఊరితే అది పల్చని నీరా, నెత్తురా, లేక చీము పడుతోందా అన్నది విప్పిన వెంటనే కనపడుతుంది. చీము కనిపించినా, కోత చుట్టూ ఎరుపు పాకుతున్నా, కుట్లు విచ్చినట్టున్నా, 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటి జ్వరం వచ్చినా, బట్టల సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి.

ఇక వేసుకోవడం, విప్పడం. పొట్ట కండరాలు ఎన్ని పనులకు కదులుతాయో వాటిని కోసినప్పుడే మనకు తెలుస్తుంది. చేతులు పైకెత్తి తల మీదుగా బట్ట లాగితే పొట్ట గోడ మొత్తం సాగుతుంది, కిందికి వంగితే ముడుచుకుంటుంది, రెండూ బాధే. అందుకని నీ నైటీలకు ముందు వైపు బొత్తాలు ఉండాలి. అవి రెండు మూడు అంగుళాల దాకా ఉంటే ప్రయోజనం లేదు, కనీసం నడుము దాకా తెరుచుకోవాలి. అప్పుడు చొక్కాలా చేతులు దూర్చి వేసుకోవచ్చు, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మొత్తం విప్పనక్కరలేదు. కాళ్ళలోంచి ఎక్కించే బట్ట ఏదైనా సరే, కుర్చీలోనో మంచం అంచునో కూర్చుని, రెండు కాళ్ళూ దూర్చి, మోకాళ్ళ దాకా లాక్కుని, ఆ తర్వాత ఒక్కసారే లేచి నిలబడి పైకి లాక్కోవాలి. ఒంటికాలి మీద నిలబడి తొడుక్కునే ముచ్చట ఇప్పట్లో వద్దు. మంచం మీంచి లేవడం కూడా ఇందులో భాగమే. ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దింపి, చేతులతో నెట్టుకుంటూ లేవమని నర్సులు చెప్పే ఉంటారు. అలా దొర్లేటప్పుడు పొడవాటి నైటీ ఒంటి కిందికి చుట్టుకుపోయి గాయాన్ని లాగుతుంది కనుక, రాత్రి పూట చీలమండల దాకా వచ్చేది కాకుండా మోకాళ్ళ కిందికి ఆగేది వేసుకో. అన్నయ్యగారికి చెప్పి నీ రోజువారీ బట్టలన్నీ బీరువాలో నడుము ఎత్తున ఉండే అరలోకి మార్పించు. కింది అర కోసం వంగడం, పై అర కోసం చేతులు చాచడం, రెండూ తప్పుతాయి. తడి బట్టల బకెట్ జోలికి మాత్రం డాక్టరు సరేననే దాకా వెళ్ళకు. బరువులెత్తకూడదని వాళ్ళు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, నీలాంటి పెద్ద కోతకు ఇంకాస్త ఎక్కువ గడువు పెడతారు, తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో నీకు నేను చెప్పాలా?

నీకు డ్రెయిన్ ట్యూబు, అంటే గాయం లోపల ఊరే నీటిని బయటికి తీసే గొట్టం, ఇంకా ఉందన్నావు. దానితోనే ఇంటికి పంపితే, ఆ చివరనున్న రబ్బరు బుడ్డిని వేలాడదీయకూడదు. దాని బరువుకు ట్యూబు లాగితే ప్రాణం పోతున్నట్టుంటుంది. నైటీ లోపలి వైపు ఒక గుడ్డ జేబు కుట్టించి అందులో పెట్టుకో, లేదా బుడ్డికి ఉండే చెవిని పిన్నీసుతో బట్టకు తగిలించు. ట్యూబుకు మాత్రం పిన్నీసు గుచ్చకూడదు. ఆ జేబు మాత్రం ట్యూబు ఒంట్లోంచి బయటికి వచ్చే చోటు కన్నా కిందికే ఉండాలి. బట్ట విప్పే ముందు ఆ బుడ్డిని బట్ట నుంచి తీయడం మరిచిపోకు.

పొట్టకు బెల్టు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. అది నేను కాదు, నీ సర్జన్ చెప్పాలి, ఎందుకంటే కొందరు నడిచేటప్పుడు తప్పనిసరిగా పెట్టుకోమంటారు, కొందరు అవసరం లేదంటారు. పెట్టుకోమంటే మాత్రం దాన్ని నేరుగా ఒంటి మీద చుట్టకు. లోపలి నూలు బనియన్‌ను ముడతలు లేకుండా సాఫు చేసి దాని మీద చుట్టు, పడుకుని ఉన్నప్పుడే చుట్టు. నిండుగా ఊపిరి పీల్చగలిగేంత వదులుండాలి. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా, బెల్టు ఉన్నా లేకపోయినా, ఒక చిన్న దిండును పొట్టకు అదుముకోవడమే అన్నిటికన్నా గొప్ప ఉపాయం. కుట్లకు బదులు లోహపు పిన్నులు వేసి ఉంటే అవి అల్లిక బట్టలకు, లేసుకు చిక్కుకుంటాయి, కాబట్టి అవి తీసేదాకా నున్నటి నేత బట్టే వాడు.

బ్రా గురించి అందరూ మాట్లాడటానికి సిగ్గుపడతారు, నేను పడను. నీ కోత పై కొస రొమ్ముల కింది దాకా వస్తే, బ్రా కింది పట్టీ సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. తీగ ఉన్నవి పూర్తిగా మానేసి, మెత్తని నూలు స్లిప్పుతో గడిపెయ్యి. ఇంట్లో అది కూడా అక్కర్లేదనిపిస్తే మానెయ్యి.

కాళ్ళల్లో నెత్తురు గడ్డకట్టకుండా బిగుతు మేజోళ్ళు ఇచ్చి ఉంటే, అవి నీ పిక్కల కొలతకు ఇచ్చినవి కనుక ఇంకొకరివి వేసుకోకు. పై అంచును చుట్టగా మడిచిపెట్టావంటే అది తాడులా బిగుసుకుని, మేలు చేయవలసిన మేజోడే కీడు చేస్తుంది. వాటిని నీ అంతట నువ్వు తొడుక్కోవాలని చూడకు, అంత వంగడం నీ వల్ల కాదు. ఒక పిక్క వాచి నొప్పి పెడితే డాక్టరుకు చెప్పడానికి ఆలస్యం చేయకు. చెప్పులు వంగకుండా కాలు దూర్చేవిగా, అడుగున పట్టు ఉండేవిగా, మడమ వెనక జారిపోకుండా ఉండేవిగా చూసుకో.

చెమట పట్టి, ఆరకుండా నిలిచిపోయే నైలాన్, పాలిస్టర్ బట్టలు ఇప్పుడు వద్దు. పొట్ట మడత కింద కోత ఉన్న వాళ్ళకు ఆ తడి వల్ల చర్మం నాని పుండవుతుంది కూడా. అయినా కొత్త బట్టల కన్నా చాలాసార్లు ఉతికిన పాత నూలు బట్టలే మెత్తగా ఉంటాయి. కొత్తవి కొన్నా ఒకసారి ఉతికే వేసుకో, ప్లాస్టర్లు అంటించి తీసిన చర్మానికి ఘాటైన సబ్బు పొడి వాసనలు కూడా పడవు.

ఇంటికి వచ్చే రోజు కోసం, ఆసుపత్రికి వెళ్ళిన రోజు వేసుకున్న బట్టలే ఉన్నాయి కదా అని ఊరుకోకు. పొట్ట వాపుతో ఉంటుంది, అవి నడుము దగ్గర పట్టవు. ముందు బొత్తాల నైటీ, దాని మీద ఒక పెద్ద శాలువా, వంగనక్కరలేని చెప్పులు ముందు రోజే తెప్పించుకో. కారులో సీటు బెల్టు మానెయ్యాలనిపిస్తుంది కానీ మానొద్దు. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తొడల పైన, తుంటి ఎముకల మీద ఆనేలా దింపి, పొట్టకూ బెల్టుకూ నడుమ పల్చటి దిండు పెట్టుకో.

ఆఫీసుకు వెళ్ళడం మొదలయ్యాక కూడా పాత ప్యాంటు బొత్తాం పట్టడం లేదని దిగులుపడకు. వాపు తగ్గడానికి వారాలు పడుతుంది, తెగిన చర్మం మూడు నెలలకు కూడా మునుపటి బలంలో సుమారు 80 శాతమే తెచ్చుకుంటుంది. బొత్తాం కాజాలోంచి ఒక రబ్బరు బ్యాండు దూర్చి, దాన్ని బొత్తానికి తగిలిస్తే నడుము రెండు అంగుళాలు పెరుగుతుంది. దాని మీద పొడవాటి కుర్తా వేసుకుంటే ఎవరికీ తెలియదు. గర్భిణులకు అమ్మే ప్యాంట్లయితే మరీ హాయి, పొట్ట భాగం మొత్తం మెత్తని సాగే బట్టతోనే ఉంటుంది. మచ్చ మీద ఎండ పడితే నల్లబడుతుంది కనుక, పొట్ట కనిపించేలా చీర కట్టేటప్పుడు మొదటి ఏడాది మాత్రం పమిట కాస్త కిందికి దించి కప్పుకో.

కోత పై కొస ఎక్కడ మొదలైందో, కింది కొస ఎక్కడ ఆగిందో, డ్రెయిన్ ఏ వైపు ఉందో వేళ్ళ కొలతతో రాసి పంపు. నా దగ్గర మెత్తని పాత నూలు చీరలు ఉన్నాయి. వాటితో నీకు ముందు బొత్తాల నైటీలు కుట్టిస్తాను, లోపలి జేబు ఏ పక్కన పెట్టించాలో నీ జవాబు రాగానే దర్జీకి చెబుతాను.

నీ
ప్రియ నేస్తం