రాణీగంజ్‌లో ఆదుకున్న పెద్దాయనకు కృతజ్ఞతలు

మొన్న ఆదివారం ఉదయం రాణీగంజ్‌లో మా నాన్నగారి పాత 6 వోల్టుల మోటార్‌సైకిల్‌ను తోసుకుంటూ పోతున్న నన్ను ఆపి, పేరైనా చెప్పకుండా రెండు గంటలు వెచ్చించిన పెద్దాయనకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

బ్యాటరీ ఛార్జ్ కావడం లేదని అప్పటికే నేను రెండు బ్యాటరీలు మార్చాను. ఆయన మాత్రం బండిని తోయించి స్టార్ట్ చేయించి, మల్టీమీటర్‌తో చూశారు. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే డైనమో వద్ద వోల్టేజీ పుష్కలంగా ఉన్నా, ఎంత రేజ్ చేసినా బ్యాటరీ వద్ద 6 దాటకపోవడంతో, లోపం రెండింటి మధ్యనున్న రెగ్యులేటర్ డబ్బాలోనిదని తేల్చారు. డైనమో వోల్టేజీ చాలినంత పెరిగాకే బ్యాటరీకి కరెంటు వదిలి, తగ్గగానే ఆ దారి తెంచి బ్యాటరీ వెనక్కి ఖాళీ కాకుండా కాపాడే కటౌట్ అనే స్విచ్ అందులోనే ఉంటుందని, దాని కాయిల్‌కు ఛాసిస్ (బండి ఇనుప చట్రం) ద్వారా ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, అందాలని ఓపికగా వివరించారు. ఆ ఎర్త్‌ను అడ్డుకున్నది, నేను ముచ్చటపడి వేయించిన కొత్త పెయింటే!

ఆ డబ్బా బోల్టు కింద పెయింటును ఎమరీ కాగితంతో రుద్ది బిగించగానే మీటరు 7.2 చూపింది. “రంగు మంచిగుంది తమ్మీ, ఈడ మాత్రం వద్దు” అని నవ్వారు. డబ్బు ఇవ్వబోతే ఇరానీ చాయ్ చాలన్నారు. అదీ సగమే తాగి వెళ్లిపోయారు.

అయ్యా, హెడ్‌లైట్ ఇప్పుడు నిలకడగా వెలుగుతోంది.