సూపర్‌చార్జర్ బండికి రేస్ కామ్ ఎలా అమ్మారు? ఒక ఫిర్యాదు లేఖ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: సూపర్‌చార్జర్ ఉన్న కారుకు పనికిరాని కామ్‌షాఫ్ట్ అమ్మడం, నన్ను అడగకుండా సిలిండర్ హెడ్ ఫేసింగ్ చేయడం (అడుగు భాగం అరగదీయడం), డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. నా బండి పాత మారుతి బలెనో సెడాన్. 1590 సీసీ ఇంజన్, సింగిల్ కామ్ (వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ ఒక్కటే), 16 వాల్వులు. దానికి బెల్టుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని తోసే చిన్న రూట్స్ రకం సూపర్‌చార్జర్ బిగించి నడుపుతున్నాను. ఆ ఇంజన్‌కు సరిపడే కామ్‌షాఫ్ట్ కావాలని, హెడ్ పని కూడా మీరే చేయాలని హెడ్ విప్పి మీ ఊరికి పార్సిల్‌లో పంపాను. బిల్లు 74 వేల రూపాయలు అయింది, మొత్తం ముందే కట్టాను. హెడ్ తిరిగొచ్చి బిగించాక బండి మునుపటికన్నా నీరసపడింది. ఫోన్‌లోనూ ఈమెయిల్‌లోనూ మీ వాళ్లు చెప్పిన కారణాలు ఒక్కటీ నిలవడం లేదు కాబట్టి, సంగతంతా వివరంగా రాస్తున్నాను.

ముందు నా ఆర్డర్ ఫారం ఒకసారి తీసి చూడండి. సూపర్‌చార్జర్ ఉందని, బూస్టు (అది తోసే గాలి అదనపు ఒత్తిడి) 7 పీఎస్‌ఐ అని, 95 ఆక్టేన్ బంకు పెట్రోలే వాడతానని, రోజూ సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీకి ఆఫీసుకు వెళ్లే బండి అని అందులో స్పష్టంగా రాశాను. ఆ ట్రాఫిక్‌లో ఇంజన్ ఎక్కువసేపు 1500 నుంచి 3500 ఆర్‌పీఎం మధ్యే తిరుగుతుంది. 7000 దాకా లాగే పని నాకు లేదు. ఇవన్నీ చదివాకే మీ సేల్స్ ప్రతినిధి ఫోన్ చేసి, "సార్, దీనికి మా స్టేజ్ 3 రేస్ కామ్ కరెక్టుగా సెట్ అవుతుంది, సూపర్‌చార్జర్ ఉంటే ఇంకా బాగా లాగుతుంది" అన్నారు. ఆ మాట నమ్మే డబ్బు కట్టాను.

ఇప్పుడు మీరు పంపిన కామ్ కార్డు చూడండి. డ్యూరేషన్, అంటే వాల్వు తెరిచి ఉండే కాలం, ఇన్‌టేక్ 272 డిగ్రీలు, ఎగ్జాస్ట్ 272 డిగ్రీలు. లోబ్ సెపరేషన్, అంటే కామ్ మీద ఆ రెండు వాల్వులను నెట్టే ఉబ్బెత్తుల (లోబుల) మధ్య ఎడం, 106. లెక్క కడితే ఓవర్‌ల్యాప్ 60 డిగ్రీలు వస్తుంది. అంటే క్రాంకు 60 డిగ్రీలు తిరిగేంతసేపు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరుచుకునే ఉంటాయి. సూపర్‌చార్జర్ లేని రేసు బండికి ఇది మంచి కామే. అక్కడ బయటికి పోయే పొగ తన వేగంతో కొత్త గాలిని లోపలికి లాగుతుంది, పై ఆర్‌పీఎంలో ఆ లాగుడే పవర్. నా బండిలో గాలిని ఎవరూ లాగనక్కర్లేదు, సూపర్‌చార్జరే తోస్తుంది. రెండు వాల్వులూ తెరిచి ఉన్న ఆ కాసేపట్లో అది తోసిన గాలి సిలిండర్‌లో ఆగకుండా, కలిసిన పెట్రోల్‌తో సహా నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. టర్బో బండి అయితే ఎగ్జాస్ట్ వైపు టర్బైన్ అడ్డం ఉండి ఎదురు ఒత్తిడి కొంత ఉంటుంది. సూపర్‌చార్జర్‌కు ఆ అడ్డు కూడా లేదు.

అందుకే సూపర్‌చార్జర్ ఉన్న స్ట్రీట్ కారుకు లోబ్ సెపరేషన్ 112 నుంచి 116 దాకా వెడల్పుగా పెడతారు. ఎగ్జాస్ట్ డ్యూరేషన్ ఇన్‌టేక్ కన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ ఇస్తారు, ఎందుకంటే లోపలికి ఎక్కువ గాలి తోసినప్పుడు బయటికి పంపాల్సిన పొగ కూడా ఎక్కువే. ఇన్‌టేక్ 256, ఎగ్జాస్ట్ 262, సెపరేషన్ 113 అనుకుంటే ఓవర్‌ల్యాప్ 33 డిగ్రీలకు దిగుతుంది. నాకు కావలసింది ఆ కోవలోది. ఇది కామ్‌లు గ్రైండ్ చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. మీకు తెలియదంటే నేను నమ్మను.

ఫిర్యాదు చేసినప్పుడు మీ టెక్నికల్ వాళ్లు ఇచ్చిన మొదటి సలహా, అడ్జస్టబుల్ కామ్ గేర్ కొనుక్కోమని. అది కూడా మీ దగ్గరే, విడిగా డబ్బు కట్టి. ఈ సలహాకు నాకు నిజంగా బాధ కలిగింది. నా ఇంజన్‌లో కామ్ ఒక్కటే. ఇన్‌టేక్ లోబులు, ఎగ్జాస్ట్ లోబులు అదే షాఫ్ట్ మీద ఉన్నాయి. గేరు ఎటు తిప్పినా రెండూ కలిసే జరుగుతాయి. వాటి మధ్య ఎడం మారదు, ఓవర్‌ల్యాప్ ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. రెండు కామ్‌ల ఇంజన్‌లో ఒకదాన్ని ముందుకీ ఇంకోదాన్ని వెనక్కీ జరిపి ఎడం పెంచవచ్చు. నా బండి సింగిల్ కామ్ అని తెలిసి కూడా ఈ సలహా ఎలా ఇచ్చారు?

రెండో జవాబు ఇంకా విచిత్రం. బూస్ట్ గేజి 4 పీఎస్‌ఐ దాటడం లేదని ఫోటో పంపితే, హైదరాబాద్ ఎత్తులో ఉంది, గాలి పలచన, అందుకే బూస్టు రావడం లేదన్నారు. మా ఊరు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉన్న మాట నిజమే. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సుమారు 6 శాతం తగ్గుతుంది. అదే పుల్లీతో సముద్రం ఒడ్డున 7 వస్తే ఇక్కడ ఆరున్నర దగ్గర రావాలి. 4కి ఎందుకు పడుతుంది? పైగా మీ కామ్ వేయకముందు, పాత కంపెనీ కామ్‌తో ఇదే బండి ఇదే ఊళ్లో ఆరున్నర చూపించింది. హెడ్‌లో గాలి సాఫీగా పోవడం వల్ల కూడా గేజిలో బూస్టు తగ్గవచ్చని నాకు తెలుసు. అలా తగ్గితే పవర్ పెరగాలి. డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద పెడితే 4000 ఆర్‌పీఎం లోపు టార్క్ అంతటా పడిపోయింది. రెండు రిపోర్టులూ మీకు పంపాను. వెనక నిలబడితే పచ్చి పెట్రోల్ వాసన వస్తోంది.

హెడ్ సంగతి కామ్ కన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది. నేను అడిగింది పోర్టింగ్ (హెడ్‌లో గాలి, పొగ పోయే దారులను సరిచేయడం), వాల్వు సీట్ల పని. మీరు నాతో ఒక్క మాట చెప్పకుండా 1 మిల్లీమీటర్ ఫేసింగ్ కొట్టారు. బిల్లులో "కంప్రెషన్ అప్‌గ్రేడ్" అని వేశారు కూడా. బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో హెడ్ బల్ల మీద బోర్లించి, అద్దం ముక్క అంటించి, బ్యూరెట్‌తో రంగు నీళ్లు వదిలి చాంబర్లు నాలుగూ కొలిపించాను. కంప్రెషన్ నిష్పత్తి 9.5 నుంచి 10.2కి పెరిగింది. సూపర్‌చార్జర్ పెట్టి బంకు పెట్రోల్‌తో నడిపే ఇంజన్‌కు సాధారణంగా ఎనిమిదిన్నర, తొమ్మిది దగ్గర ఉంచుతారు. ఇప్పటికే కాస్త ఎక్కువున్న దాన్ని మీరు ఇంకా పెంచారు. ఫలితం నాకు ప్లగ్గుల మీదే కనిపించింది. మూడో సిలిండర్ ప్లగ్గు తీసి చూస్తే తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య వెలుతురుకి మెరిసే సన్నని చుక్కలు. ఆ మెరిసేది పిస్టన్ అల్యూమినియం. నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడం) వచ్చి పిస్టన్ అంచు కరగడం మొదలైందన్నమాట. ఆ రోజు నుంచి బండి తీయడం మానేశాను. ఇంకో విషయం, ఫేసింగ్ వల్ల హెడ్ కిందికి దిగి, బెల్టు ఉన్న ఇంజన్‌లో కామ్ టైమింగ్ కూడా కాస్త వెనక్కి పోతుంది. అడ్జస్టబుల్ గేరు అసలు అవసరం అక్కడ. ఆ మాట మీ వాళ్లెవరూ చెప్పలేదు.

పోర్టింగ్ కూడా తలకిందులుగా చేశారు. ఇన్‌టేక్ పోర్టులు బాగా విప్పి నున్నగా చేశారు, ఎగ్జాస్ట్ పోర్టులను తాకనే లేదు. గాలిని తోసే యంత్రం ఇన్‌టేక్ వైపు ఉన్నప్పుడు, పని ఎక్కువ కావాల్సింది ఎగ్జాస్ట్ వైపు కదా. వాల్వు స్ప్రింగులు పాతవే తిరిగి వేశారు. బూస్టు ఇన్‌టేక్ వాల్వు వెనక నుంచి దాన్ని తెరుచుకునేలా నెడుతుంది. 30 మిల్లీమీటర్ల వాల్వు మీద 7 పీఎస్‌ఐ అంటే దాదాపు మూడున్నర కిలోల బరువు. అలసిపోయిన పాత స్ప్రింగు మీద ఆ మూడున్నర కిలోలు చిన్న విషయం కాదు.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది బ్రేకు. అంత ఓవర్‌ల్యాప్ ఉన్న కామ్‌తో ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్ బాగా పడిపోయింది. బ్రేక్ బూస్టర్ పనిచేసేది ఆ వ్యాక్యూమ్‌తోనే. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో మెల్లగా కదులుతూ, వరసగా బ్రేకు తొక్కాల్సి వచ్చినప్పుడు పెడల్ రాయిలా గట్టిపడింది. ముందు స్కూటర్ మీద ఒక కుటుంబం ఉంది. ఒళ్లంతా చెమట పట్టింది. రేసు ట్రాక్ కోసం చేసిన సరుకును, రోడ్డు మీద నడిచే బండికి అని తెలిసీ అమ్మితే జరిగేది ఇదే.

నేను కోరేవి ఇవి. కామ్‌షాఫ్ట్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వాలి. ఫేసింగ్ తిరిగి పూడ్చే పని కాదు కాబట్టి ఇదే మోడల్‌కు ఫేసింగ్ కొట్టని మంచి హెడ్ ఒకటి ఇవ్వాలి, లేదా దాని ఖరీదు, హెడ్ పనికి నేను కట్టిన మొత్తంతో కలిపి చెల్లించాలి. కొలతలకు, డైనోకు, ఇంజన్ రెండోసారి విప్పడానికి అయిన ఖర్చు, పిస్టన్ మార్చాల్సి వస్తే అది కూడా మీరే భరించాలి. మీ కేటలాగ్‌లో ఈ స్టేజ్ 3 కామ్ కింద "సూపర్‌చార్జర్‌కు అనువైనది" అన్న వాక్యం ఇంకా ఉంది, దాన్ని వెంటనే తీసేయాలి. ఇంకొకరు నాలాగే కొనకముందే తీసేయండి.

మీ బిల్లు వెనక వివాదాలు మీ ఊరి కోర్టు పరిధిలోనే అని అచ్చువేశారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసే హక్కు నాకుంది. ఈ లేఖ అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, తర్వాత కమిషన్‌కు వెళ్తాను. ఆర్డర్ ఫారం, కామ్ కార్డు, బిల్లు, డైనో రిపోర్టులు, మెషిన్ షాపు ఇచ్చిన కొలతల కాగితం, ప్లగ్గుల ఫోటోలు జతచేస్తున్నాను. కామ్, హెడ్ నా దగ్గర విప్పి ఉంచాను. మీ ఇంజనీరును పంపితే చూపిస్తాను, ఆయన ఎదుటే మళ్లీ కొలిపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
సికింద్రాబాద్