ఉలవపాడు దగ్గర బండి ఆగింది: ఆ ముగ్గురికి కృతజ్ఞతలు

మొన్న ఆదివారం ఉలవపాడు దగ్గర హైవే మీద మమ్మల్ని ఆదుకున్న ముగ్గురికి ఈ నాలుగు మాటలు. ఒకరు లారీ డ్రైవరు, ఒకరు మామిడిపళ్ళ కొట్టు అక్క, మూడో ఆయన ఆటో ఎలక్ట్రీషియన్ పెద్దాయన. "పేరు గీరు పెట్టొద్దు సామీ" అన్నాడు కాబట్టి పెట్టడం లేదు.

అమ్మ, మా ఆవిడ, నేను నెల్లూరు నుంచి ఒంగోలులో పెళ్ళికి బయల్దేరాం. కావలి దాటి చాలా దూరమే వచ్చాం. ఉన్నట్టుండి పాట ఆగింది, ఏసీ ఆగింది, డ్యాష్‌బోర్డు దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఇంజన్ లేదు. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. కంగారులో తాళంచెవి లాగేయబోతుంటే "దాన్ని ముట్టుకోకు, ముందు పక్కకి తియ్యి" అని అమ్మ కసిరింది. లాగి ఉంటే స్టీరింగు లాకైపోయేదని తర్వాత తెలిసింది. వెనక వస్తున్న లారీ ఆయన హారన్ మోత మోగించకుండా వేగం తగ్గించి, మేము పక్కకి చేరేదాకా మా వెనకే కాపు కాశాడు. దిగి, అందరం బాగానే ఉన్నామని చూసుకుని వెళ్ళిపోయాడు. లారీ నంబరు చూడాలన్న తెలివి కూడా నాకు అప్పుడు లేదు.

ఎదురుగానే మామిడిపళ్ళ కొట్టు. ఆ అక్క అమ్మకి కుర్చీ వేసి, కుండలో నీళ్ళిచ్చి, "ఉండండి పెద్దమ్మా, మావాడికి తెలిసినాయన ఉండాడు" అని ఫోను చేయించింది. అరగంటలో పెద్దాయన మోపెడ్ మీద వచ్చాడు. చేతిలో ఒక స్క్రూడ్రైవరు, ఒక మీటరు, రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు. అంతే.

ఇక్కడ నా గోడు కొంచెం చెప్పాలి. రెండు నెలలుగా ఈ బండి ఒక రోజు సెల్ఫ్ తీసుకుంటుంది, ఒక రోజు తీసుకోదు. ఒకచోట బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. ఇంకోచోట సెల్ఫ్ మోటార్ అన్నారు, విప్పి బాగు చేయించాను. డబ్బులు పోయాయి, జబ్బు పోలేదు.

పెద్దాయన ముందు హారన్ కొట్టి చూశాడు, లైట్లు వేసి చూశాడు. బ్యాటరీకి మీటరు పెడితే 12.5 వోల్టులు. "బ్యాటరీ రాయిలాగుంది. దీన్నెందుకు మార్చావు?" అన్నాడు. నేను నేలచూపులు చూశాను. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టించి, హ్యాండ్‌బ్రేకు వేయించి, సెల్ఫ్ మోటార్‌కి వెళ్ళే సన్న వైరుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చాడు. మోటార్ గిర్రున తిరిగింది. అదీ బాగానే ఉందన్నమాట.

అప్పుడు స్టీరింగు కింది కవరు విప్పాడు. బల్బు వైరు ఒకటి ఎర్త్‌కి తగిలించి, రెండోదాన్ని తాళం వెనక కప్లర్‌లో (వైర్లన్నీ వచ్చి కలిసే ప్లగ్గు) ఒక్కో పిన్నుకీ ఆనిస్తూ పోయాడు. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు దగ్గర బల్బు భగ్గున వెలిగింది. తాళం ఆన్‌లో పెట్టి, బయటికి పోయే వైరు దగ్గర పెడితే గుడ్డిగా మిణుకుమంది. తాళంచెవిని అటూ ఇటూ కదిలిస్తే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. "లోనికొచ్చే కరెంటు బయటికి పోవట్లా. దొంగ ఈడే ఉండాడు."

నాకప్పటిదాకా తెలియనిదేమిటంటే, తాళంచెవి పెట్టే గొట్టం వేరు, దాని వెనక కరెంటు కలిపే స్విచ్చు వేరు. మా బండిలో రెండు స్క్రూలు తీస్తే ఆ స్విచ్చు ఊడి వచ్చింది. మొత్తం కీసెట్ మార్చే పని లేదు, పాత తాళంచెవులే పనికొస్తాయి. లోపలి ఇత్తడి రేకులు మాడి నల్లగా ఉన్నాయి, ఒకచోట గుంట పడింది. ఎందుకని అడిగితే, నేను ముచ్చటపడి బండి ముందు భాగంలో వేయించుకున్న అదనపు లైట్ల వైరు చూపించాడు. రిలే, అంటే లైట్ల కరెంటు తాళం మీద పడకుండా వేరే దారిలో పంపే చిన్న స్విచ్చు, పెట్టకుండా తాళం లైనుకే కలిపేశారు. వాటి కరెంటంతా ఆ చిన్న రేకుల మీదుగానే పోతోంది.

ఇంకో కారణం నా చేతిలోనే ఉంది. ఇంటివి, రొయ్యల చెరువు షెడ్డువి, గోడౌనువి అన్నీ కలిపి కారు తాళంతో ఒకే గుత్తి. అరచేతిలో తూచి చూసి, "ఏంది సామీ, ఎద్దు మెడలో గంటలు కట్టినట్టు" అన్నాడు. ఆ బరువు ఊగీ ఊగీ లోపలి భాగాలు అరిగిపోతాయట. ఇంటికొచ్చాక మా తమ్ముడి కొడుకు ఇంకో సంగతి చెప్పాడు. 2014లో జనరల్ మోటార్స్ అనే అమెరికా కార్ల కంపెనీ ఇలాంటి తాళం స్విచ్చు లోపంతోనే దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. గుత్తి బరువుకో కుదుపుకో తాళం ఆన్ నుంచి జారి, ఇంజన్ ఆగి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. 124 మరణాలకు పరిహారం ఇచ్చారు. అది విన్నాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పెళ్ళికి టైమైపోతోందన్న టెన్షన్‌లో "వైర్లు రెండూ కలిపేసి పంపించన్నా" అన్నాను. ఒప్పుకోలేదు. ఫ్యూజు లేకుండా కలిపిన వైరు కాలితే బండే అంటుకుంటుందన్నాడు. రేకులు గీకి, శుభ్రం చేసి బిగించాడు, ఆ లైట్ల వైరు పీకేశాడు. బండి స్టార్టయింది. "ఇది ఒంగోలు దాకా పోవడానికే, రేపే కొత్తది వేసుకో" అని, మామిడిపళ్ళ పెట్టె అట్ట చింపి ఏ పిన్ను దేనికో గీసిచ్చాడు. వెయ్యి ఇవ్వబోతే మూడొందలు తీసుకుని మిగతావి నా జేబులోనే పెట్టాడు. పెళ్ళివారింట్లో కూడా ఇంత మర్యాద జరగదు, అన్నా. మీకు దణ్ణం.

అక్క దగ్గర రెండు పెట్టెల బంగినపల్లి కొన్నాం. నీళ్ళకి, కుర్చీకి, ఫోనుకి ఆమె ఏమీ తీసుకోలేదు, పైగా అమ్మ చేతిలో నాలుగు సపోటాలు పెట్టింది.

సోమవారమే కొత్త స్విచ్చు వేయించాను, అట్టముక్క చూపిస్తే మెకానిక్కు కూడా మెచ్చుకున్నాడు. లైట్లకి రిలే పెట్టించాను. గుత్తి విడగొట్టి కారు తాళం ఒక్కటే వేరుగా పెట్టుకున్నాను. చెరువు షెడ్డు తాళాలు అప్పుడే రెండుసార్లు ఇంట్లో మర్చిపోయాను, అది వేరే సంగతి.